స్పీకరు నెత్తిమీద గడియారం

నేను ఒక గోడ గడియారాన్ని. నన్ను చేసినవాడు ముక్కోపి గానీ గొప్ప పనిమంతుడు. అమెరికాలో ఒక గనుల రాష్ట్రపు శాసనసభలో, స్పీకరు నెత్తిమీద, ఏళ్ల తరబడి వేలాడాను.

అక్కడ చట్టం పుట్టడమంటే మాటలు కాదు. బిల్లు ముందు కమిటీలో పడాలి. బతికి బయటపడితే దిగువ సభ, అంటే నేనున్న మా సభ, ఆపైన సెనేటు. సెనేటు ఒక్క ముక్క మార్చినా మళ్లీ ఇక్కడికే రావాలి. ఆఖరికి గవర్నరు సంతకం. ఆయనా జనం ఓట్లేసి గెలిపించినవాడే, నచ్చకపోతే వీటో అని తిప్పికొడతాడు. చివరి రోజు సాయంత్రం నేను ఆరు కొట్టానా, సభలో తేలని బిల్లులన్నీ చచ్చినట్టే. మళ్లీ సభ కూడేది రెండేళ్లకు.

మరి పెద్దలు ఊరుకుంటారా? పని మిగిలిపోతే స్పీకరు కనుసైగ చేసేవాడు. తలుపు దగ్గరుండే ఎల్మర్ నిచ్చెనేసుకొచ్చి నా లోలకాన్ని పట్టి ఆపేసేవాడు. బయట దీపాలు వెలిగినా లోపల ఆరు కాదు! తమ జీతాలు పెంచుకోవడానికి నన్నిలా ఎన్నిసార్లు ఆపారో. నాకు నవ్వొచ్చేది.

ఆ ఏడు మాత్రం నవ్వు రాలేదు. గనిదుమ్ముతో ఊపిరితిత్తులు పాడైన కార్మికులకు ప్రభుత్వమే వైద్యం చేయించాలనే బిల్లు సెనేటు నుంచి తిరిగొచ్చింది. ఇక ఇక్కడ ఓటింగు, ఆపైన సంతకం. గ్యాలరీలో వాండా కూర్చుంది. ఆమె భర్త గనిలో పనిచేసి, ఇప్పుడు మంచం మీద ఊపిరందక కొట్టుకుంటున్నాడు. గనుల యజమానుల మనిషి, సభ్యుడొకడు, లేచి గడువు తినేయడానికి తమ ప్రాంతపు ఆపిల్ తోటల గురించి మొదలుపెట్టాడు. ఎంతకీ ఆపడే!

వాండా పరుగున కిందికొచ్చి ఎల్మర్ చెయ్యి పట్టుకుంది. "అయ్యా, మీ కాళ్లు పట్టుకుంటాను. ఆ గడియారం కాస్త ఆపండి. రెండేళ్లంటే మా ఆయన ఉండడు."

"నా చేతుల్లో ఏముందమ్మా? స్పీకరుగారు సైగ చెయ్యాలి." నిచ్చెన మీద చెయ్యేసి ఎల్మర్ అటే చూశాడు. స్పీకరు తలెత్తకుండా కాగితాలు సర్దుకుంటున్నాడు.

ఆగిపోదామని ఎంత గింజుకున్నానో! నా చక్రాల్లో ఒక్క పన్ను విరగకూడదా, ఈ స్ప్రింగు తెగకూడదా అని ఏడ్చాను. పాడు ఒళ్లు, ఆ ముక్కోపి ఎంత గట్టిగా చేశాడో! ఆరు కొట్టాను. స్పీకరు సుత్తి పడింది. ఆపిల్ తోటలాయన చెమట తుడుచుకుని కూర్చున్నాడు.

రెండేళ్లకు అదే బిల్లు ఎవరూ కాదనకుండా నెగ్గింది. వాండా నల్ల బట్టల్లో వచ్చి, చూసి, వెళ్లిపోయింది.

ఇప్పుడు మ్యూజియంలో ఉన్నాను. స్ప్రింగు ఎప్పుడో తెగింది, ఎవరూ బాగుచేయలేదు. మొన్న కర్ర ఊతంతో ఒక ముసలామె వచ్చింది. చూస్తే వాండా. కదలని నా ముళ్ల వైపు చాలాసేపు చూసింది.

"ఇప్పుడా ఆగేది?" అంది.