కుడి భుజం మెత్త

చెల్లి పెళ్లికి నాన్నకు కోటు కుట్టాలని టేపు పెట్టాను. కుడి భుజం అంగుళం దిగి ఉంది. మళ్లీ పెట్టి చూసినా అంతే. నలభై ఏళ్లు బల్ల మీదికి వంగి కత్తెర ఆడించాక భుజం జారడం మా దర్జీలకు మామూలే. ఆ పక్క కోటు లోపల కాస్త మందం మెత్త పెట్టి సరిచేస్తాం. నాన్నకూ అదే పెట్టాను. మహా తెలివిగలదాన్ని!

మూడు రోజులకు కోటు తొడిగి చూద్దామని పిలిచాను. ఎడమ చేత్తో కుడి మోచేతిని మోసుకుంటూ వచ్చాడు. చెయ్యి దూర్చగానే "అమ్మా!" అంటూ కూలబడ్డాడు.

చొక్కా గుండీలు విప్పాను. మెడ కింద ఎముక మధ్యలో పొంగి ఉంది, చుట్టూ నల్లగా కమిలింది.

"ఎప్పుడు పడ్డావు?"

"పై అరలోంచి బట్ట తాను దించుతుంటే స్టూలు జారింది. నాలుగు రోజులైంది. పెళ్లి ముందు గొడవెందుకని..."

"మొండితనానికీ హద్దుండాలి నాన్నా!"

"వేళ్లు మొద్దుబారాయే. కత్తెర పట్టుకున్నట్టే తెలియట్లేదు."

కళ్లు మూసుకుని తడిమి ఏ బట్టో చెప్పే వేళ్లవి. అవి పోతే ఆయనకిక పనీ లేదు, పొద్దూ పోదు.

పక్క కొట్టు మామయ్య, "కాస్త లాగితే సర్దుకుంటుంది" అంటూ వచ్చాడు. ముట్టుకోనివ్వలేదు. లైనింగు గుడ్డ ముక్కోణంగా కత్తిరించి, మోచెయ్యి ఆనేలా మెడకు కట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాను.

డాక్టరమ్మ ఎక్స్‌రే చూసింది. "కాలర్ బోన్ విరిగింది. వాపు నరాన్ని నొక్కుతోంది. తగ్గితే స్పర్శ రావచ్చు, లేదంటే ఆపరేషన్. చెయ్యి పట్టీలోనే ఉండాలి, బరువులు ఎత్తకూడదు. పడిన రోజే రావాల్సింది" అంది.

ఆ చివరి మాట నాకే తగిలింది. కొలిచింది నేనే కదా.

పెళ్లిలో నాన్న కోటు భుజాల మీద కప్పుకుని కూర్చున్నాడు. రోజూ కళ్లు మూయించి వేళ్ల మధ్య ఒక బట్ట ముక్క పెట్టేదాన్ని. పట్టుకీ గోనెకీ తేడా తెలియక తల తిప్పుకునేవాడు.

ఆరో వారం కోటు కుట్లు విప్పి, ఆ మెత్త తీసి, కళ్లు మూయించి ఆయన వేళ్లలో పెట్టాను. నలిపాడు. మళ్లీ నలిపాడు.

"ఇది బట్ట కాదే. నా కుడి భుజానికి పెట్టిన మెత్త."

వేళ్లకు స్పర్శ తిరిగొచ్చింది!

"కోటు కప్పుకున్నప్పుడే తెలిసింది, ఇటు మందం పెట్టావని," అన్నాడు నెమ్మదిగా. "కొలిచిన రోజు టేపు రెండుసార్లు పెట్టావు చూడు, భుజం ఎందుకు దిగిందని అడుగుతావేమో అనుకున్నా తల్లీ. అడిగుంటే చెప్పేసేవాణ్ణి."

ఆ వేళ్లు పట్టుకుని భోరున ఏడ్చాను.