స్నానానికి ముందు

శుభ్రత గురించి ఉపన్యాసాలిచ్చేవాళ్లంటే నాకు మొదటినుంచీ అనుమానం. నారాయణగూడలో ల్యాబు పెట్టుకుని ఇరవై ఏళ్లుగా జనం కడుపులోని సంగతులు మైక్రోస్కోపులో చూస్తున్న డాక్టర్ని. ఇస్త్రీ చొక్కా చూసి మోసపోవడం ఎప్పుడో మానేశాను.

2012 వేసవిలో అశోక్‌నగర్ నుంచి సూర్యప్రకాశరావుగారు వచ్చారు. సచివాలయంలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఆ సంగతి కుర్చీలో కూర్చోకముందే చెప్పారు. ఎనిమిదేళ్ల మనవరాలు నాగశ్రీకి కింద ఒకటే దురదట, నిద్రే పోవడం లేదట. కారణం కూడా ఆయనే కనిపెట్టేశారు.

"మా మేడమీద గదిలో మంజుల అని ఒకమ్మాయి అద్దెకుంటోంది. అచ్చంపేట దగ్గర పల్లెటూరు. సాయంత్రాలు పాపకి లెక్కలు చెబుతుంది. ఈ నులిపురుగులు ఆ అమ్మాయి తెచ్చినవే. మీరు కాగితం మీద రాసిస్తే గది ఖాళీ చేయించేస్తాను."

మంజుల గ్రూప్స్‌కి చదువుతోంది. పరీక్ష దగ్గర పడింది. చిక్కడపల్లి లైబ్రరీకి నడిచి వెళ్లొచ్చని తీసుకున్న గది అది. ఇప్పుడు ట్రంకుపెట్టె పట్టుకుని సందుసందూ తిరిగితే ఆ పిల్ల చదువు గంగలో కలిసినట్టే. పెద్దమనిషికి ఆ చింతే లేదు. నాకు ఒళ్లు మండింది.

నులిపురుగుల గుడ్లు మలపరీక్షలో సాధారణంగా దొరకవు. మనిషి నిద్రలో ఉండగా ఆడపురుగు బయటికొచ్చి మలద్వారం చుట్టూ గుడ్లు పెడుతుంది. అందుకని లేవగానే అక్కడ సెలో టేపు అద్ది, దాన్ని గాజుపలక మీద అంటించి తెమ్మంటాం. ఆ ఇంట్లో నలుగురికీ సరిపడా ఇచ్చి, "లేవగానే" అని గట్టిగా చెప్పి పంపాను.

మర్నాడు చూస్తే మంజుల పలక నిండా గుడ్లు, ఒక పక్క చదునుగా, ఒక పక్క ఉబ్బుగా. తాత, నాయనమ్మ, మనవరాలు, ఈ ముగ్గురి పలకలూ ఖాళీ. దురద పుట్టిన పిల్ల పలక కూడా!

"చూశారా?" అన్నారాయన, ప్రమోషన్ వచ్చినట్టు మొహం వెలిగిపోతూ. నుదుటి మీద విభూతి ఇంకా తడి ఆరలేదు.

"స్నానం చేశాక తీశారా టేపు?"

"మరి? స్నానం చెయ్యకుండా మా ఇంట్లో దేన్నీ ముట్టుకోం. అందులోనూ ఇలాంటి పని! పాపకి కూడా తలంటి పోశాకే తీసింది మా ఆవిడ."

సాక్ష్యాన్ని సబ్బు పెట్టి కడిగేసి, మేం నిర్దోషులమంటూ వచ్చారన్నమాట!

"రేపు పక్కమీంచి లేవగానే తియ్యండి. లేకపోతే నేనేమీ రాయను" అన్నాను.

మర్నాడు ఆయన భార్య హైమవతిగారు పలకల పొట్లాన్ని రెండు వేళ్లతో పట్టుకుని ఆయన వెంట వచ్చారు. చూశాను. మూడింట్లోనూ గుడ్లే. పాప పలక మీద తెల్లదారం ముక్కలాంటి పురుగు కూడా ఉంది.

"అయితే ఆ అమ్మాయి మా అందరికీ అంటించిందన్నమాట!" అన్నారు సూర్యప్రకాశరావుగారు. ఆశ చావలేదు ఆయనకి.

"పాపకి దురద ఎప్పటినుంచి?" హైమవతిగారిని అడిగాను.

"దసరా సెలవుల నుంచేనండీ. తీపి ఎక్కువ తింటోందని ఊరుకున్నాం."

"మంజుల మీ ఇంటికి ఎప్పుడొచ్చింది?"

"మొన్న శివరాత్రి వెళ్లాక..." అంటూనే ఆవిడ ఆగిపోయి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

ఆయన గొంతు తగ్గించారు. "డాక్టరుగారూ, ఆ అమ్మాయికి ఇవన్నీ చెప్పకండి. పరువు పోతుంది. మాత్రలేవో ఇచ్చెయ్యండి."

పరువట! తలుపు తీసి, తన రిపోర్టు కోసం వచ్చి బయట బల్లమీద చదువుకుంటున్న మంజులను పిలిచాను. ఆయన ఎదుటే చెప్పాను. దురదకి గోకిన పాప గోళ్ల నుంచే ఆమెకు అంటుకుని ఉంటుంది. అందరూ ఒకేరోజు మాత్ర వేసుకోవాలి, రెండు వారాలకి మళ్లీ వేసుకోవాలి. దుప్పట్లు వేడినీళ్లలో ఉతకాలి, గోళ్లు పొట్టిగా కత్తిరించుకోవాలి. ఒక్కరు మానేసినా మళ్లీ అందరికీ వస్తుంది.

ఆ పిల్ల ఏడుస్తుందేమో అనుకున్నాను. పుస్తకం మూసి ఆయన వైపు తిరిగింది.

"నిన్న నా బకెట్ బయట పడేయించిండ్రు అంకుల్, నేనేమన్లే. ఇగ ఇనుండ్రి. పరీక్ష అయ్యేదాంక గది ఖాళీ చెయ్య. గోలీ నేనూ ఏసుకుంట, మీరూ ఏసుకోండ్రి. మల్ల నాకు అంటొద్దంటే మీ ఇంట్ల అందరి గోర్లు నేను చూడాలె. ఏవి, చూపియ్యుండ్రి."

సూర్యప్రకాశరావుగారు చేతులు వెనక్కి పెట్టుకున్నారు. హైమవతిగారు ఆయన మోచెయ్యి పట్టుకుని ముందుకు లాగారు. గోళ్లు బాగా పెరిగి ఉన్నాయి.