ఫోకస్ తప్పిన ఫోటో

"ఖాళీగానే ఉంటావు గదా, నిన్న గండికోటలో తీసినవి సర్వర్‌కు ఎక్కించినాను. మధ్యాన్నం లోపల మంచివి ఏరిపెట్టు" అని చెప్పి ధనుంజయ స్టూడియోకు బయల్దేరాడు. ఆ మాట అన్నప్పుడు శివకుమారి సంగటి గెలుకుతోంది. చెమట కళ్లలోకి కారుతున్నా తుడుచుకునే వీల్లేదు. చెయ్యి ఆగితే ఉండలు కడుతుంది. "సరే" అంది. పెళ్లయినప్పటి నుంచి ఆ ఖాళీకి ఆమె సరే అనే అంటోంది.

కడపలో ధనుంజయది పెళ్లి ఫోటోల స్టూడియో. తీసిన ఫోటోలన్నీ ఎక్కడో దూరాన, బాడుగకు తీసుకున్న సర్వర్‌లో ఉంటాయి. ఇంట్లో ఉన్నది పాత ల్యాప్‌టాప్, ఆగి ఆగి వచ్చే నెట్. ఒక్కో ఫోటో దించుకుని చూడాలంటే పొద్దు గూకుతుంది. ఆదోనిలో కంప్యూటర్ డిగ్రీ చదివిన శివకుమారి దానికో దారి కనుక్కుంది. టెర్మినల్ అనే నల్ల తెర తెరిచి, కమాండ్ కొట్టి నేరుగా సర్వర్‌లోకి పోతుంది. అక్కడ బొమ్మలుండవు, వరసగా ఫైళ్ల పేర్లే. ఇంకో కమాండ్ కొడితే ఆ సర్వరే ఫోటోను చిన్న చిన్న రంగు గళ్లుగా మార్చి, నల్ల తెర మీద అక్షరాలు ఉండాల్సిన చోట పేరుస్తుంది. దగ్గర నుంచి చూస్తే గళ్ల దుప్పటి. కొంచెం వెనక్కి జరిగి కళ్లు చికిలిస్తే పెళ్లికూతురు. తల తెగినవి, చీకటి పడినవి, ఎవరో అడ్డం వచ్చినవి ఆమె పక్కకు తీసేస్తుంది. ఫోకస్ తప్పినవి మాత్రం ధనుంజయ కెమెరాలోనే చూసి, నేరుగా వేస్ట్ ఫోల్డర్‌లోకి పంపిస్తాడు. ఒకసారి ఇంటికొచ్చిన పార్టీతో అతను "ఈ ఏరే పనంతా బెంగుళూరులో మా టీమ్ చూసుకుంటాది సార్" అంటుంటే, కాఫీ గ్లాసులు పట్టుకుని వాకిలి దగ్గర నిలబడింది శివకుమారి. ఆ బెంగుళూరు టీమ్ చేతిలోంచే ఆ సారు కాఫీ తీసుకున్నాడు.

గండికోట ఫోటోలు తెరవబోతుంటే తమ్ముడు హనుమేష్ ఫోన్ చేశాడు.

"అక్కా, ఎల్లుండే అమ్మ దినాలు. ఫ్లెక్సీ వేసే ఆయప్ప ఫోటో అడుగుతాండాడు. ఆధార్ కార్డు తీసకపోతే, దీంట్లో మొగమే లేదు, ఇంకోటి తెమ్మన్యాడు. నీ తాన లేదా? బావ ఫోటోలాయనే గదా."

"చూస్తాన్రా" అని పెట్టేసింది. నిజానికి లేదని ఆమెకు తెలుసు.

అమ్మ గిడ్డమ్మ ఆలూరు దిక్కు పల్లెలో పత్తి ఏరి, మిరపకాయలు కోసి ఇద్దరు పిల్లల్ని చదివించింది. ఎవరైనా ఫోటో తీస్తామంటే, "నా మొగానికి దుడ్లు దండగ" అని కొంగు అడ్డం పెట్టుకునేది. డబ్బును దుడ్లు అన్న ఆ మాటకు అత్త పుల్లమ్మ ఇప్పటికీ నవ్వుతుంది, "మీ అమ్మ తెలుగు మాట్లాడతాదా, కన్నడమా?" అని. అమ్మ పోయిన కబురు వచ్చినప్పుడు శివకుమారి ఊరికి పోయింది గానీ, మట్టి ఆరకముందే అత్త ఫోన్ వచ్చింది. "పోయినామె ఎట్లా పాయ. ఈడ ఉండేవాళ్లు తిండి తినొద్దా?" తిరిగొచ్చి పొయ్యి ముట్టించింది. పొగలో ఏడిస్తే ఎవరూ అడగరు, అదొక్కటే సుఖం.

అమ్మ కెమెరా ముందుకు రాలేదు సరే, కెమెరా ఉన్న చోటికి ఒకసారి వచ్చింది. ఆడబిడ్డ రమ్యశ్రీ పెళ్లికి. ఆ పెళ్లి ఫోటోలు ధనుంజయే తీశాడు. శివకుమారి గండికోట ఫోల్డర్ వదిలేసి ఆ పెళ్లి ఫోల్డర్‌లోకి పోయింది. ముహూర్తం, తలంబ్రాలు, చుట్టాల వరసలు. గళ్లు పేరుకుంటున్నాయి, చెరిగిపోతున్నాయి. ఎక్కడా అమ్మ లేదు. ఎట్లా ఉంటుంది? ఆ రోజు పొద్దున్నే పుల్లమ్మ అన్న మాట ఇంకా చెవుల్లోనే ఉంది. "మీ అమ్మకు ఊరికే కూసునేది చేతకాదు మాదిరుంది, ఆ అంట్లన్నా ఇయ్యి." గిడ్డమ్మ చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, సంతోషంగానే కొళాయి దగ్గరికి పోయింది. బిడ్డ అత్తగారింట్లో ఏదో ఒక అక్కరకు వచ్చానని.

చివరికి వేస్ట్ ఫోల్డర్ తెరిచింది. అన్నీ ఫోకస్ తప్పినవే. ఒక్కొక్కటే గళ్లుగా దిగుతోంది. ఒక దాంట్లో ముందంతా ఎర్రటి పెద్ద మరక, రమ్యశ్రీ పట్టుచీర. వెనక మూలన మట్టి రంగు గళ్లు గుప్పెడు, వాటి మీద బూడిద రంగు ఒకటి రెండు. మొహం లేదు, కళ్లు లేవు. అయినా శివకుమారి చెయ్యి ఆగిపోయింది. గొంతుక్కూర్చుని ఒక మోకాలి మీదికి బరువు వేసే తీరు అది. పత్తి చేలో అన్నం మూట విప్పేటప్పుడు చిన్నప్పటి నుంచి చూసిన తీరు.

ఆ ఒక్క ఫైలును ఇంటికి దించుకోవడానికి కమాండ్ కొట్టింది. నెట్ ఆగింది, మళ్లీ కదిలింది. పుల్లమ్మ మంచినీళ్లు అడిగితే ఇచ్చి వచ్చింది. మాత్ర అడిగితే ఇచ్చి వచ్చింది. వచ్చేసరికి ఫోటో దిగి ఉంది.

కెమెరా పొరపాటున పెళ్లికూతుర్ని వదిలేసి వెనక్కి పోయింది. రమ్యశ్రీ మొహం నీళ్లలో కలిసిన కుంకుమలా ఉంది. వెనక గంగాళం ముందు కూర్చున్న గిడ్డమ్మ మాత్రం ఎంత స్పష్టంగా ఉందంటే, మోచేతి దాకా అంటిన సబ్బు నురగ, చెవి పక్కన అతుక్కున్న తెల్ల వెంట్రుక, కంటి కింద మచ్చ కూడా కనిపిస్తున్నాయి. ఆమె కెమెరాను చూడటం లేదు. పక్కకు, ఎవరినో చూస్తోంది. పిలవబోతున్నట్టు నోరు కొంచెం తెరుచుకుని ఉంది.

ఎవరిని? దాని తర్వాతి నంబరు ఫోటో కూడా దించింది. అదే చోటు. అమ్మ తడి చెయ్యి నీళ్లలోంచి పైకి లేచింది. ఆమె ముందు నుంచి నీలం చీర కట్టుకున్న మనిషి ఒకామె కాఫీ గ్లాసుల పళ్లెంతో పోతోంది. భుజాలు వంగిపోయి, మొహం ఎవరో కేకేసిన దిక్కుకు తిరిగి ఉంది. పాపం ఎవరో, అనుకుంది శివకుమారి. కొంచెం సేపటికి ఆ చీర తనదని గుర్తొచ్చింది.

అమ్మ ఏం చెప్పబోయిందో? కూర్చోమని అందామనుకుందో, తిన్నావా అని అడగబోయిందో. ఎంత తడుముకున్నా ఆ రోజు అమ్మతో తాను మాట్లాడిన మాట ఒక్కటీ దొరకలేదు. సాయంత్రం బస్సెక్కేటప్పుడు అమ్మే, "శానా అలిసిపోయినావు కదే" అంది. దానికైనా జవాబు చెప్పిందో లేదో.

మధ్యాహ్నం అన్నానికొచ్చిన ధనుంజయ ఆమె చేతిలోని ల్యాప్‌టాప్ లాక్కుని చూశాడు.

"భలే దొరికిందే. ఏం ఫరవాలేదు, అంట్లు తీసేసి, మంచి పట్టుచీర కట్టిచ్చి, వెనక మహానంది గుడి పెడతా. మెడలో కాసుల పేరు కూడా వేద్దాం. ఐదు నిమిషాల పని."

"వద్దు. ఇట్లే పంపిస్తా."

మంచం మీద నుంచి పుల్లమ్మ లేచి కూర్చుంది. "అంట్ల కాడ కూసున్న ఫోటో పెడితే నలుగురూ ఏమనుకుంటారు? వియ్యపురాలితో పని చేయిచ్చుకున్నారనుకోరా?"

"చేయిచ్చుకున్నాం కదత్తా" అంది శివకుమారి. గొంతు పెంచలేదు. ధనుంజయ సంగటి ముద్ద తుంచుతూ మాట మార్చాడు.

"సరేలే. ఎల్లుండి పొద్దున్నే కార్లో పోయి సాయంత్రానికి వచ్చేద్దాం. గండికోటవి ఏరినావా?"

"లేదు. ఏరను. నేను ఈ రోజే బస్సుకు పోతాండా."

"మరి ఈ పనెవరు చేస్తారు?"

ఆ ప్రశ్న అతను నిజంగానే అడిగాడు. ఆమె దగ్గర జవాబు ఉందనే అనుకున్నాడు. శివకుమారి పెళ్లికూతురి మరకను కత్తిరించి, మిగతా ఫోటోను గంగాళంతో సహా తమ్ముడికి పంపింది. రెండోది తన ఫోన్‌లో పెట్టుకుంది. చీరలు రెండు సంచిలో కుక్కుకుని బస్టాండుకు ఆటో ఎక్కింది.

దినాల నాడు హనుమేష్ ఫ్లెక్సీని ఇంటి ముందర గోడకు కట్టాడు. ఊరి ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి నిలబడి చూశారు. అమ్మతోపాటు కూలికి పోయిన కంబన్న పెండ్లాం చేత్తో ఫ్లెక్సీని తడిమి, "ఇట్లనే ఉండె. ఈమే మన గిడ్డమ్మ" అని కొంగు నోట్లో కుక్కుకుంది.

శివకుమారి గోడ కింద చాప పరిచింది. ఎదురుగా కాదు, కొంచెం పక్కకు, అమ్మ చూపు పోయే దిక్కులో. అక్కడ గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుని కూర్చుంది.

"శివమ్మా, జనాలు కూసున్యారు, ఆకులెయ్యాల, రా" అని వంటల కాడ నుంచి ఎవరో పిలిచారు. మళ్లీ పిలిచారు.

ఆమె లేవలేదు.