వేడెక్కే పెట్టె

"మళ్ళీ ఏం నొక్కావు జయంతీ?"

వంటింట్లో బెండకాయలు తరుగుతున్న జయంతి కత్తి ఆపింది. పొద్దుట్నుంచీ ఆమె ఆ కంప్యూటర్ దగ్గరికే వెళ్ళలేదు. అది దానంతటదే ఆరిపోయి మళ్ళీ మొదలైనా, ఉదయ్ భాస్కర్‌కు ముందు గుర్తొచ్చేది భార్య చెయ్యే.

"ఈ సమ్మె కరెంటు కోతలతో పాడైంది," అన్నాడు మళ్ళీ తనే.

అంట్లు తోముతున్న రాజమ్మ ఊరుకోలేదు. "కంప్యూటర్ ఆగినా మా తెలంగాణ సమ్మెదే తప్పా సారూ? గిట్లయితే ఎట్ల?"

జయంతి నవ్వు ఆపుకుని తలెత్తి చూసింది. పైన సీలింగ్ ఫ్యాను తిరుగుతూనే ఉంది. కారణం కరెంటు కాదు.

"అయితే వైరస్సే. సాయంత్రం ఫార్మాట్ కొడతా. నువ్వు చెయ్యి పెట్టకు," అని ఉదయ్ ఆఫీసుకు వెళ్ళిపోయాడు. సాఫ్ట్‌వేర్ మనిషి. దసరా అయినప్పట్నుంచీ ఆ పెట్టెకు ఆయన వేస్తున్న మందు, అన్నీ చెరిపేసే ఆ ఫార్మాట్ ఒక్కటే.

పాప పుట్టకముందు జయంతి ఉద్యోగమే ఇలాంటి పెట్టెలతో. హైటెక్ సిటీలో ఒక కంపెనీలో, ఆగిపోయిన కంప్యూటర్లను విప్పి బాగుచేసేది. "బల్లల కింద దూరి స్క్రూలు విప్పే ఖర్మ నీకెందుకు?" అని ఉదయ్ ఎంతో ప్రేమగా అన్నాడు. కోపంగా అని ఉంటే పోట్లాడేదేమో, ప్రేమకు లొంగి మానేసింది. ఇప్పుడు ఆ కంపెనీ వాళ్ళే సోమవారం ఇంటర్వ్యూకి రమ్మన్నారు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆమె భయం ఉదయ్‌ను చూసి కాదు, తన చేతుల్ని చూసి. ఇన్నేళ్ళ తర్వాత వాటికి ఆ పని గుర్తుందా? చెయ్యి పెట్టకు అనే మాట, ఆయన అనకముందే తనలో ఎవరో అంటూనే ఉన్నారు.

రాజమ్మ వెళ్ళాక కంప్యూటర్ ముందు కూర్చుంది. విండోస్ మొదలవకముందు వచ్చే సెట్టింగుల తెర దగ్గర ఆపి చూసింది. అక్కడా ఆరిపోయింది. వైరస్ ఇంకా నిద్రలేవని చోటది; అయితే వైరస్సూ కాదు. పెట్టె మీద అరచెయ్యి ఆనించింది. జ్వరమొచ్చిన పాప నుదురులా కాలుతోంది. ప్లగ్గు పీకి, ఒంట్లోని స్టాటిక్ కరెంటు పోయేలా ఇనుప చట్రాన్ని తాకి, పక్క మూత స్క్రూలు విప్పింది. చేతులు ఆమెను ఏమీ అడగలేదు.

లోపల ప్రాసెసర్ మీది చిన్న ఫ్యాను బిగుసుకుపోయి ఉంది. దాని రెక్కలకు దారం, ఎండిన బంతిరేకులు. ఆయుధపూజ నాడు పెట్టెకు వేసిన దండ కొసను ఆ ఫ్యానే మూతకున్న చిల్లుల్లోంచి లోపలికి లాక్కుంది.

"అయ్యో, నా దండేనా తల్లీ?" వెనక అత్తగారు అమ్మణ్ణి గొంతు. "వాడికి చెప్పకే, ఏడాదంతా ఆటపట్టిస్తాడు."

"చెప్పనులెండి అత్తయ్యా." పాప బొమ్మలు వేసే కుంచెతో రేకులు దులుపుతూ జయంతి అడిగింది. "ఆయన లాప్‌టాప్‌కు బొట్టుతో సరిపెట్టారుగా, దీనికెందుకు దండ?"

అమ్మణ్ణి కింద కూర్చుని రేకులు ఏరసాగింది. "వాడి ఉద్యోగం వాడికుంది. నీది నీకు తిరిగి రావాలని మొక్కుకున్నా. చేతులు మొద్దుబారిపోయాయని ఫోన్లో ఎవరితోనో ఏడ్చావుగా, విన్నాను."

జయంతి కుంచె పక్కన పెట్టి ఆవిడ భుజానికి తలానించింది. కాసేపటికి లేచి ప్లగ్గు పెట్టింది. ఫ్యాను తిరిగింది. వంట పూర్తయ్యేదాకా చూసింది; కంప్యూటర్ ఆరలేదు. ఉదయ్‌కు ఫోన్ చేసింది.

"ఫార్మాట్ అక్కర్లేదండీ. నేనే విప్పి బాగుచేశాను. సోమవారం నాకు ఇంటర్వ్యూ ఉంది, పాపను మీరు చూసుకోవాలి."

అటువైపు మాట లేదు. అలాంటి మౌనాన్ని ఇన్నేళ్ళూ ఏదో ఒకటి చెప్పి ఆమే పూడ్చేది. ఈసారి పూడ్చలేదు; ఆయన జవాబు కోసం ఎదురుచూసింది.