ఉప్పునీళ్ళ పిల్లలు

ఆ ఇంటి కోడలు కట్టుడు పళ్ళు తయారుచేసే చోట పనిచేసేది. రోజంతా మైనంతో, సన్నటి చాకుతో కుస్తీ పట్టే పని కావడంతో చెయ్యి వణకదు, ఓపిక సడలదు. మామగారు ముప్పై ఏళ్ళు లేత్ మిషన్ మీద పనిచేసి రిటైరైన మనిషి. వరండా పొడవునా ఆయన గప్పీ చేపల తొట్లే. గప్పీలకు పిల్లల్ని పెట్టడం మనకు తుమ్మడమంత తేలిక. ఆయన మాత్రం ఆ ఘనతంతా తనదే అన్నట్టు తిరిగేవాడు.

కోడలు హాల్లో ఉప్పునీళ్ళ అక్వేరియం పెట్టి, నారింజ రంగు క్లౌన్ చేపల జంటను తెచ్చిన రోజే ఆయన తేల్చి చెప్పేశాడు.

“చూసుకోడానికైతే ముచ్చటగానే ఉన్నాయమ్మాయ్. సముద్రం చేప ఇంట్లో పిల్లల్ని చేస్తుందని మాత్రం ఆశ పెట్టుకోకు.”

“చేయించి చూపిస్తా మామయ్యా.”

“సరే, నేను ఇక్కడే ఉంటాగా!”

ఏడాది తిరిగాక ఆ జంట తొట్టిలోని కుండపెంకు మీద గుడ్లు పెట్టింది. ఎనిమిదో రోజు సాయంత్రం లైటు ఆర్పిన గంటకు పిల్లలు బయటికొచ్చాయి. ఒక్కోటి కనురెప్ప వెంట్రుక ముక్కంత. కోడలు వాటిని గ్లాసుతో జాగ్రత్తగా ముంచి వేరే తొట్టిలోకి మార్చింది. ఎంత మెత్తగా నూరిన మేత వేసినా వాటి నోట పట్టలేదు. నాలుగో రోజుకు ఒక్కటీ మిగల్లేదు. రెండోసారి ఉడికించిన గుడ్డు సొన వేసి చూస్తే నీళ్ళే పాడయ్యాయి.

చేపల దుకాణం ఆయన్ని అడిగితే అసలు సంగతి చెప్పాడు. వాటికి ప్రాణమున్న మేత కావాలి. రోటిఫర్లని, కంటికి సరిగా ఆనని నీటి పురుగులు. ఆ పురుగులు తినడానికి పచ్చటి నాచు నీళ్ళు. రెండూ ఒక్కో సీసా ఇచ్చి పంపాడు. వాటిని పది సీసాలు చేసి వంటింటి కిటికీలో వరసగా పెట్టుకుంది కోడలు.

మూడో విడత పిల్లలు ఐదు రోజులు హుషారుగా తిన్నాయి. ఆరో రోజు పని నుంచి వచ్చేసరికి, కిటికీలో పది సీసాలూ తళతళలాడుతూ బోర్లించి ఉన్నాయి.

“మామయ్యా, ఈ సీసాల్లో నీళ్ళేవి?”

“పాచి పట్టి కంపు కొడుతున్నాయమ్మా. వేడినీళ్ళు పోసి అద్దంలా తోమిపెట్టాను.”

ఆమె ఖాళీ సీసా ఒకటి చేతిలోకి తీసుకుంది. “వాటి తిండి అందులోనే ఉంది” అని మాత్రం అంది. ఆయన అక్కడే స్టూలు మీద కూలబడ్డాడు. దుకాణానికి పరుగెత్తితే అది మూసి ఉంది. తెరిచేసరికి రెండు రోజులైంది. అప్పటికి పిల్లల తొట్టి ఖాళీ.

“ఇక చాల్లే” అన్నాడు భర్త. “వీటి మూలాన ఇంట్లో మనుషుల మధ్య మాటలే కరువయ్యాయి.”

“ఇప్పుడు మానేస్తే మామయ్య సీసాలు కడిగినందుకే మానేసినట్టవుతుంది. ఆ బరువు ఆయన జీవితాంతం మొయ్యాలి. అది నాకిష్టం లేదు.”

వరండాలో గప్పీలకు మేత వేస్తున్న మామగారి చెయ్యి ఆగిపోయింది. మర్నాడు పొద్దున్నే వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

“నాకేదైనా పని చెప్పమ్మా.”

“మళ్ళీ కడగరు కదా?”

“నువ్వే నన్ను కడిగెయ్యి, అప్పుడు కాస్త తేలికపడతాను.”

ఆమెకు నవ్వొచ్చింది. ఆ ఇంట్లో వారం తర్వాత వినపడ్డ నవ్వు అది.

దుకాణం ఆయన దగ్గర మళ్ళీ రెండు సీసాలు తెచ్చి పది చేశారు. తల వెనక తెల్లచార పడేదాకా నిలిస్తే పిల్లలు గండం గట్టెక్కినట్టేనని దుకాణం ఆయన చెప్పాడు. ఈసారి అన్నీ ఒకేచోట వద్దన్నాడు మామగారు. మూడు గదుల కిటికీల్లో సర్ది, ఒకచోట చెడినా ఇంకోచోట ఉండేట్టు చూశాడు. గంటగంటకూ ఒక్కో సీసా మెల్లగా కదిపేవాడు. రోటిఫర్లను సన్నటి సిల్కు గుడ్డలో వడగట్టి, పూటపూటకూ తొట్టిలో వేసేవాడు. కోడలు పనికి వెళ్ళేముందూ, వచ్చాకా అడుగున చేరిన మురికిని సన్నటి గొట్టంతో లాగేది.

నాలుగో విడతలో రెండు వందల దాకా పుట్టాయి. ఆరో రోజుకు సగం పోయాయి. తొమ్మిదో రోజుకు ముప్పై మిగిలాయి. అయినా ఆమె చేతిలో గొట్టం వదల్లేదు. మామగారు కూడా “పోయినవాటి సంగతి తర్వాత. ఉన్నవాటికి ఆకలేస్తోంది” అంటూ గుడ్డ తీసుకున్నాడు.

పన్నెండో రోజు మధ్యాహ్నం పనిచేసే చోటికి ఫోనొచ్చింది.

“అమ్మాయ్, ఒకదానికి తల వెనక తెల్లచార పడింది!”

“వెలుగు పడి మెరిసిందేమో మామయ్యా.”

“నేనూ అలాగే అనుకుని కర్టెన్ వేసి చూశాను. చారే! పక్కదానికీ వస్తోంది. నువ్వు త్వరగా వచ్చెయ్.”

పక్కన ఉన్నవాళ్ళు ఏమైందని అడిగారు. “మా ఇంట్లో పిల్లలకు చారలొచ్చాయి” అంది, కళ్ళు తుడుచుకుంటూ. వాళ్ళకేమీ అర్థం కాలేదు.

చివరికి పదిహేడు బతికాయి. నెల తిరిగేసరికి గోరంత నారింజ చేపలై, మేత డబ్బా మూత చప్పుడుకే ఒక మూలకు గుంపుగా వచ్చేవి. మామగారు వరండాలో రెండు గప్పీ తొట్లు ఖాళీ చేసి, ఉప్పు ఎంత కలపాలో కోడల్ని అడిగాడు.