మల్లిక నిలయం

నవీన్‌కుమార్

తాండూరులో మొగులప్ప బండల కార్ఖానాలో పేర్లు చెక్కేది నవీన్‌కుమారే. వికారాబాద్ జిరాక్సు షాపులో పనిచేసే మల్లికకు వచ్చిన మూడు సంబంధాలను ఫోన్లు చేసి చెడగొట్టిందీ అతనే. ఒకరికి పిల్లకు మూర్ఛ ఉందన్నాడు. ఇద్దరికి ఇంకొకడితో తిరుగుతోందన్నాడు. ఆ ఇంకొకడు ఎలాగూ తానే కాబోతున్నాడు కనుక అది అబద్ధమని అతనికి అనిపించలేదు.

పోయిన దసరాకు షాపుకెళ్లి, ఆమెను అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు ఆధార్ జిరాక్సు అడిగాడు. ఆరు నెలలకు మల్లిక నవ్వడం మొదలుపెట్టింది. ఈ ఆదివారం తల్లి ఎంకమ్మను వెంటబెట్టుకుని అతను కట్టిన ఇల్లు చూడటానికి వచ్చింది. చేసుకుంటుందో లేదో ఇవాళే చెబుతుంది.

ఎంకమ్మ

మూడు సంబంధాలూ ఎవడో ఫోన్ చేస్తేనే తప్పిపోయాయని ఎంకమ్మకు తెలుసు. ఎవడో తెలియదు. అందుకే తనంతట తాను వచ్చినవాణ్ణి పెద్దగా పరీక్షించలేదు. గోడ తట్టింది, నల్లా తిప్పింది. నీళ్లొచ్చాయి.

"ఇంగేం గావాలె బిడ్డ? నల్లా గూడ ఇంట్లనే ఉన్నది."

"నల్లాను చేసుకోవాల్నా అమ్మా?"

"అత్తమ్మా, చాయ్ తాగుండ్రి," అన్నాడు నవీన్.

ఎంకమ్మ అప్పుడే అత్తమ్మ అయిపోయి, రెండో కప్పు కూడా తాగింది.

మల్లిక

గుమ్మం పక్కన 'మల్లిక నిలయం' అని చెక్కిన బండ గోడకు ఆనించి ఉంది. అక్షరాలు ముద్దొచ్చాయి. మందమెంతో చూద్దామని వంచింది. కార్ఖానాలో రాళ్లు కలిసిపోకుండా, చెక్కిన రోజే వెనక ఎర్ర రంగుతో తేదీ వేస్తారని నవీనే ఒకసారి చెప్పాడు. ఈ తేదీకి రెండేళ్లు దాటింది. మొదటి సంబంధం తప్పడానికి నెల ముందుది.

"దసరాకే గదా నన్ను సూసిన్నంటివి?"

అలవాటు కొద్దీ తాను వేసిన తేదీ నవీన్‌కు అప్పుడు గుర్తొచ్చింది.

"ఫోన్లు జేసింది నువ్వేనా?"

"నువ్వు వేరేటోల్లింటికి పోతే నేను బత్కను మల్లికా."

తనకోసం ఒకడు ఇంత చేశాడన్న సంతోషం ఆమెకు ఒక్క క్షణం కలిగింది. ఫోన్ల కన్నా ఆ క్షణమే ఎక్కువ భయపెట్టింది.

"లే అమ్మా, పోదాం. నవీన్, నువ్వు గీ బండ మోసుకొచ్చి రైలెక్కియ్యి. నీ ఇంటికి నా పేరెందుకు?"

స్టేషన్ దాకా మోశాడు.

ఇప్పుడది వికారాబాద్‌లో వాళ్ల పెరట్లో బట్టలుతికే బండ. మల్లిక తన పేరున్న వైపే పైకి వేయించింది. రోజూ సబ్బు పెట్టి బ్రష్షుతో రుద్దుతుంది. ఒక్క అక్షరమూ అరగలేదు.

"పనిమంతుడే పాపం," అంటుంది ఎంకమ్మ, ఆశ చావక.

మల్లిక ఇంకో దుప్పటి తడుపుతుంది.