పన్నెండు వేల కిలోమీటర్లకు సరిపడా గాలి

రంగుచేపల షెడ్డులో ఆమెను అందరూ గాలమ్మ అంటారు. సంచిలో నీళ్లు పోసి, చేపల్ని వదిలి, పైన ఆక్సిజన్ నింపి మూతి బిగించడంలో ఆమెది అందె వేసిన చెయ్యి. ఎన్ని గంటల ప్రయాణమో తెలిస్తే చాలు, సంచికి ఎన్ని చేపలో ఇట్టే చెప్పేస్తుంది.

ఈసారి వెళ్లేవి రెండు వందల నలభై ఏంజెల్ చేపలు. గుడ్డు పగిలిన రోజు నుంచి ఎనిమిది నెలలు ఆమె చేతిమీదుగా పెరిగినవి. సముద్రం దాటడం ఇదే మొదటిసారి. దారిలో నీళ్లు పాడు చేసుకోకుండా నిన్నంతా పస్తుంచింది. వాటికి మేత మానేసిన రోజు తనకూ ముద్ద దిగలేదు.

పొద్దున తొమ్మిదింటికి మేనేజరు కాగితం పట్టుకొచ్చాడు. పరాయివాడేం కాదు, అక్క కొడుకే.

"ఎనిమిది గంటల సరుకు పిన్నీ. సంచికి ఇరవై కట్టెయ్."

"ఎనిమిదని ఎవరన్నారు?"

"విమానం మూడింటికి ఎగురుతుంది, రాత్రి పదకొండుకి దిగుతుంది. ఆ మాత్రం లెక్క రాదా నాకు?"

గాలమ్మ వల పక్కన పెట్టింది. "ఎంత దూరం?"

"పన్నెండు వేల కిలోమీటర్లు."

"పోయిన నెల పంపిన ఊరు?"

"నాలుగు వేలు. అయిదు గంటలు పట్టింది."

"మూడింతల దూరానికి మూడు గంటలే ఎక్కువా? సగం దారిలో నీ విమానానికి పూనకం వస్తుందా?"

తొట్ల దగ్గర ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. మేనేజరు మొహం ముడుచుకున్నాడు. "కాగితం మీద అచ్చేసి ఉంది."

"అచ్చు తప్పని నేననలేదు. మన పదకొండూ వాళ్ల పదకొండూ ఒకటేనా? కొనేవాడికి ఫోన్ చేసి టైమెంతో అడుగు."

చేశాడు. అవతలి నిద్రగొంతు ఏదేదో అంది. మేనేజరు ఫోన్ జేబులో వేసుకున్నాడు.

"అక్కడ తెల్లవారుజామున మూడు కావస్తోందంట."

"తిట్టాడా?"

"బాగానే తిట్టాడు."

"తిడితే తిట్టాడు, ఇంచుమించు ఆరు గంటల తేడా తెలిసింది. నీ ఎనిమిదికి ఆరు కలుపు."

"పద్నాలుగు," అన్నాడు నెమ్మదిగా.

"ఎక్కే ముందు నాలుగు, దిగాక సరుకు విడిపించుకోడానికి రెండు, మొత్తం ఇరవై. ఎక్కడైనా ఆలస్యమైతే? నేను ఇరవై నాలుగు గంటలకి కడతా. సంచికి పదే."

"పెట్టెలు రెట్టింపవుతాయి. ఓనరుకేం చెప్పను?"

"చచ్చిన చేపల్ని చవగ్గా పంపామని చెప్తావా?"

మేనేజరు చొక్కా చేతులు మడిచి పెట్టెలు అందించడానికి కూర్చున్నాడు. చదువుకున్నవాడు కదా, పనిలో దిగితే చురుకే. పదకొండుకల్లా వ్యాను బయలుదేరింది.

మర్నాడు పొద్దున గాలమ్మ పళ్లు కూడా తోముకోకుండా షెడ్డుకు వచ్చి కూర్చుంది. తొమ్మిది దాటాక ఫోన్‌లో వీడియో వచ్చింది. పెద్ద గాజు తొట్టిలో ఆమె చేపలు, రెక్కలు విప్పుకుని, ఆ ఊరు తమదే అన్నట్టు తిరుగుతున్నాయి.

ఓనరు కూడా వంగి చూశాడు. "పెట్టెలు పెంచింది ఎవరు?"

"మా పిన్ని. నేను ఎనిమిది గంటలే అనుకున్నా సార్. నా మాట వినుంటే ఒక్కటీ మిగిలేది కాదు," అన్నాడు మేనేజరు, షెడ్డంతా వినేలా.

"ఎన్ని బతికాయంట?" అంది గాలమ్మ.

"రెండు వందల నలభై."

"పంపింది?"

"రెండు వందల నలభై పిన్నీ."

"ఇంకోసారి చెప్పు," అంది ఆమె.